పరేడ్ పర్మిట్‌కి కొత్త రూల్స్ అట, హియరింగ్‌లో ఏం మాట్లాడాలి?

తూర్పుగాలి:
అందరికీ నమస్కారం. అమెరికాలో ఊరి రోడ్డు మీద పరేడ్ చేయించిన అనుభవం ఉన్నవాళ్ళు కాస్త ఇది చూడండి. మా అసోసియేషన్ ఏటా ఆగస్టులో మెయిన్ స్ట్రీట్ మీద ఒక పరేడ్ చేస్తుంది. నాలుగు ఫ్లోట్లు (అలంకరించిన బండ్లు), నడిచేవాళ్ళు ఓ మూడొందల మంది, అంతే. ఇన్నాళ్ళూ పర్మిట్ అంటే ఒక పేజీ ఫారం, సిటీ క్లర్క్‌కి ఇస్తే వారంలో సంతకం పెట్టి ఇచ్చేవాళ్ళు. ఇప్పుడు కౌన్సిల్ కొత్త నిబంధనల ముసాయిదా బయటపెట్టింది, పదిహేడు పేజీలు. 25 మంది దాటితే పర్మిట్ కావాలట, 60 రోజుల ముందు అప్లై చేయాలట, 10 లక్షల డాలర్ల ఇన్సూరెన్స్ ఉండాలట. పోలీసుల ఓవర్‌టైమ్ మొత్తం మనమే కట్టాలి, ఆ ఖర్చు అంచనా వేసేటప్పుడు "ఎదురయ్యే వ్యతిరేకతను" కూడా చూస్తారట. చివర్లో ఇంకొకటి: ప్రజా సంక్షేమానికి, మర్యాదకు, సౌకర్యానికి భంగమని పోలీస్ చీఫ్ అనుకుంటే పర్మిట్ ఇవ్వక్కర్లేదు.

వచ్చే నెల పబ్లిక్ హియరింగ్. మనిషికి మూడు నిమిషాలు ఇస్తారు. మా కమిటీలో సగం మంది "ఊరుకోండి, ఎందుకొచ్చిన గొడవ, రేపు మళ్ళీ వాళ్ళ దగ్గరికే వెళ్ళాలి కదా" అంటున్నారు. మిగతా సగం 60 రోజుల గురించి గట్టిగా అడగమంటున్నారు. మూడు నిమిషాల్లో అన్నీ చెప్పలేం కాబట్టి ఏది వదిలేయాలి, ఏది పట్టుకోవాలి?

లెక్కలమాస్టారు:
నన్నడిగితే అన్నీ వదిలేయండి 🙂 రోడ్డు అందరిదీ. మూడు గంటలు మూసేసి మన పండగ మనం చేసుకుంటే పోలీసుల జీతం పక్కింటివాడు ఎందుకు కట్టాలి? ఇన్సూరెన్స్ సంగతి కూడా అంతే. ఫ్లోట్ మీంచి ఒక పిల్లాడు జారిపడితే ఊరి మీద కేసు పడుతుంది. ఇవన్నీ న్యాయమైన షరతులే, మనవాళ్ళకి ఫారం నింపడం బద్ధకం, అదీ అసలు సంగతి.

అడ్డరోడ్డు:
మాస్టారూ, ఇన్సూరెన్స్ వరకు మీతో వస్తాను గానీ మిగతా వాటిలో కాస్త ఆగండి. నేను చాలాకాలం మున్సిపల్ లీగల్ ఆఫీసులో ఇలాంటి ముసాయిదాలే దిద్దే పని చేశాను కాబట్టి కొంచెం పెద్దగా రాస్తాను, ఓపిక పట్టండి.

ముందుగా ఒకటి. రోడ్డు ఊరి సొంత ఆస్తి, యజమాని ఇష్టం వచ్చినట్టు తలుపేసుకోవచ్చు అనే వాదన ఒకప్పుడు నిజంగానే చెల్లింది. 1897లో అమెరికా సుప్రీంకోర్టు బోస్టన్ పార్కు కేసులో దాదాపు అదే చెప్పింది. 1939లో జెర్సీ సిటీ మేయర్ ఫ్రాంక్ హేగ్ కార్మిక సంఘాల్ని సభలు పెట్టుకోనివ్వకుండా తరిమినప్పుడు ఆ వాదన కూలింది. వీధులు, పార్కులు ఎప్పటి నుంచో జనం కోసం ఊరి చేతిలో ఉంచిన ఉమ్మడి సొత్తు, జనం కలవడానికీ మాట్లాడుకోవడానికీ అవి ఉన్నాయి అని ఆ తీర్పులో జస్టిస్ రాబర్ట్స్ అన్నాడు. ఇప్పటికీ ఈ విషయంలో అందరూ మొదలుపెట్టేది అక్కడే.

అలాగని పర్మిటే వద్దని కాదు. 1941లో కాక్స్ వర్సెస్ న్యూహాంప్‌షైర్ కేసు వచ్చింది. మాంచెస్టర్ పట్టణంలో జెహోవా విట్నెసెస్ అనే క్రైస్తవ శాఖ వాళ్ళు లైసెన్స్ లేకుండా పదిహేను ఇరవై మంది చొప్పున గుంపులుగా, ప్లకార్డులు పట్టుకుని ఫుట్‌పాత్‌ల మీద ఒకరి వెనక ఒకరు నడిచారు. కోర్టు ఏకగ్రీవంగా ఊరి పక్షాన చెప్పింది. ఒకే చోట ఒకే టైమ్‌కి రెండు ఊరేగింపులు ఢీకొనకుండా, పోలీసుల్ని సర్దుకోవడానికి వీలుగా ముందే చెప్పమనడం సబబే, 300 డాలర్ల దాకా ఫీజు ఉండొచ్చు అంది. అయితే లైసెన్స్ ఇచ్చేవాళ్ళు టైమ్, చోటు, పద్ధతి మాత్రమే చూడాలి, మనిషిని బట్టి, మాటను బట్టి ఇవ్వడం మానడం కుదరదు అని కూడా అంది. ఊళ్ళు మొదటి సగం గుర్తుపెట్టుకుంటాయి, రెండో సగం మర్చిపోతాయి.

తూర్పుగాలి గారూ, మీ ముసాయిదాలో అసలు ముల్లు 60 రోజులు కాదు, చివరి వాక్యం. "సంక్షేమం, మర్యాద, సౌకర్యం" అని రాశారు చూశారా, అచ్చం అలాంటి వాక్యమే అలబామాలోని బర్మింగ్‌హామ్ నిబంధనలో ఉండేది. ప్రజా సంక్షేమం, శాంతి, భద్రత, ఆరోగ్యం, మర్యాద, నీతి, సౌకర్యం, ఇలా వరసపెట్టి ఉంటుంది. 1963 ఏప్రిల్ 12న, గుడ్ ఫ్రైడే రోజు, పౌరహక్కుల నాయకుడు రెవరెండ్ ఫ్రెడ్ షటిల్స్‌వర్త్ వాళ్ళు 52 మంది ఫుట్‌పాత్ మీద ఇద్దరిద్దరుగా నడిచారు, ట్రాఫిక్‌కి అడ్డం కూడా రాలేదు. అంతకుముందే పర్మిట్ అడగడానికి మనిషిని పంపితే కమిషనర్ బుల్ కానర్ ఏమన్నాడంటే, మీకు ఇక్కడ పర్మిట్ దొరకదు, కావాలంటే జైలు దాకా నేనే నడిపిస్తాను అని! షటిల్స్‌వర్త్‌కి 90 రోజుల కఠిన శిక్ష, జరిమానా కట్టకపోతే ఇంకో 48 రోజులు. 1969లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. అధికారి చేతిలో ఇరుకైన, స్పష్టమైన, కచ్చితమైన కొలత లేకుండా పర్మిట్ అధికారం పెట్టకూడదని తేల్చింది.

మీ ఊరి చీఫ్ బంగారంలాంటి మనిషే కావచ్చు. ఆయన రిటైరయ్యాక వచ్చేవాడి సంగతేంటి?

వెన్నెలపేట:
అడ్డరోడ్డు గారూ, అయితే రూలే చెల్లనప్పుడు పర్మిట్ లేకుండా నడిచేస్తే పోలా? షటిల్స్‌వర్త్ గారు గెలిచారు కదా.

అడ్డరోడ్డు:
గెలవడానికి ఆరేళ్ళు పట్టింది. మరీ మెలిక ఏంటంటే, అదే ఊళ్ళో అదే వారం జరిగిన నడకల మీద ఇంకో కేసు ఉంది, వాకర్ వర్సెస్ బర్మింగ్‌హామ్, 1967. ఈ కేసులో నిబంధనతో పాటు రాష్ట్ర కోర్టు ఇంజంక్షన్, అంటే నడవొద్దన్న జడ్జి ఆర్డర్ కూడా ఉంది. దాన్ని కాదని నడిచినందుకు మార్టిన్ లూథర్ కింగ్ సహా అందరూ 5-4 తేడాతో ఓడిపోయారు, అయిదు రోజుల జైలు శిక్ష అనుభవించాల్సి వచ్చింది. అంటే చెల్లని రూల్‌ని కాదని నడిచి తర్వాత కోర్టులో వాదించుకోవచ్చు గానీ, జడ్జి ఆర్డర్ చేతికి వచ్చాక మాత్రం ముందు దాన్ని కొట్టించుకోవాలి. అసోసియేషన్ పరేడ్‌కి పిల్లల్ని వెంటేసుకుని ఇలాంటి ప్రయోగాలు వద్దు తల్లీ.

వెన్నెలపేట:
సరే సరే, ఊరికే అడిగా 😀

పిల్లకాలువ:
నేను రెండో వైపు నుంచి రాస్తున్నా, తిట్టకండి. మా అపార్ట్‌మెంట్ పరేడ్ రూట్ మీదే ఉంది. ఏడాదికి ఎన్ని పరేడ్‌లు, ఎన్ని ఐదు కిలోమీటర్ల పరుగులు, ఎన్ని సైకిల్ ర్యాలీలు! మా అత్తగారికి వారానికి మూడుసార్లు డయాలసిస్. ఒక శనివారం గ్యారేజీలోంచి కారు బయటికి తీయనివ్వలేదు, బారికేడ్ దగ్గర ఉన్న వలంటీర్ కుర్రాడికి ఏం చేయాలో తెలీదు, పోలీస్ ఎక్కడున్నాడో వాడికీ తెలీదు. గంట పట్టింది. హక్కులు, తీర్పులు అన్నీ బాగానే ఉన్నాయి గానీ రోడ్డు పక్కన ఉండేవాళ్ళకి ముందుగా ఒక కాగితం ముక్క కూడా రాదు. ఆ పదిహేడు పేజీల్లో మా గురించి ఒక్క లైన్ ఉందేమో చూసి చెప్పండి తూర్పుగాలి గారూ.

తూర్పుగాలి:
చూశానండీ. రూట్ మీద ఉన్న "వ్యాపారాలకు" 10 రోజుల ముందు నోటీసు ఇవ్వాలని ఉంది. ఇళ్ళ గురించి లేదు. మీరు చెప్పింది విన్నాక అదే పెద్ద లోటనిపిస్తోంది.

మూడుచక్రాలు:
పిల్లకాలువ గారు చెప్పినదానికి నూటికి నూరు మార్కులు. నేను పరేడ్‌లు నడిపించే పనిలో చాలాసార్లు ఉన్నాను, హక్కుల గురించి నాకంత తెలీదు, రోడ్డు గురించి తెలుసు. పర్మిట్ అప్లికేషన్ అంటే అనుమతి అడుక్కునే కాగితం అనుకుంటారు మనవాళ్ళు. నిజానికి అందులో పనికొచ్చేది రూట్ మ్యాప్. ఫైర్ డిపార్ట్‌మెంట్ వాళ్ళు దాన్ని చూసి ఇక్కడ హైడ్రెంట్ ఉంది, ఇక్కడ ఫైర్ ఇంజన్ దూరేంత ఖాళీ వదలండి అని గీతలు గీస్తారు. అడ్డంగా దాటే వీధులు ఎక్కడ తెరవాలో, ఆంబులెన్స్ వస్తే ఏ కూడలిలో పరేడ్‌ని ఆపి దారివ్వాలో అక్కడే తేలుతుంది. గ్యారేజీ ఉన్న ప్రతి బిల్డింగ్ ముందూ నిలబడే వలంటీర్ చేతిలో ఒక ఫోన్ నెంబర్ ఉండాలి. అది లేని పరేడ్‌కి ఎన్ని సంతకాలున్నా దండగే.

ఇంకొకటి, టెక్సాస్‌లోని మిడ్‌లాండ్‌లో 2012 నవంబర్ 15న ఏం జరిగిందో తెలుసా? యుద్ధంలో గాయపడిన సైనికుల్ని సన్మానించడానికి ఒక ఛారిటీ పరేడ్ పెట్టింది. సైనికులు, వాళ్ళ భార్యలు కూర్చున్న ఫ్లాట్‌బెడ్ లారీలు రైల్వే గేటు దాటుతున్నాయి. ముందు పోలీస్ ఎస్కార్ట్ ఉంది, జనం చప్పట్లు కొడుతున్నారు. రెండో లారీ పట్టాల మీద ఉండగా గూడ్స్ బండి వచ్చి కొట్టింది. నలుగురు సైనికులు చనిపోయారు. పరేడ్ ఉందని రైల్వేకి ఎవరూ చెప్పలేదు. ఊరు, నిర్వాహకులు ఇద్దరూ పట్టాలు దాటే రూట్‌లో ప్రమాదాన్ని గుర్తించి తగ్గించకపోవడమే కారణమని జాతీయ రవాణా భద్రతా బోర్డు తేల్చింది.

ఆ ఊరేగింపులో ఎవరికీ చెడు ఉద్దేశం లేదు, ఎవరూ ఎవరి గొంతూ నొక్కలేదు. అయినా అలా జరిగింది. రూల్ అంటేనే అణచివేత అనుకునేవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోవాలి. మీ రూట్‌లో పట్టాలున్నాయా? ఉంటే క్రాసింగ్ దగ్గర నీలం బోర్డు చూడండి, రైల్వే ఎమర్జెన్సీ నెంబర్, క్రాసింగ్ నెంబర్ దాని మీద ఉంటాయి. ఆ క్రాసింగ్ నెంబర్‌తో రైల్వే కంపెనీకి ముందే రాయండి, ఊరు చూసుకుంటుందిలే అని వదలకండి.

లెక్కలమాస్టారు:
చూశారా, నేను చెప్పిందే కదా ఇది! రూల్స్ ఉండాలి, ఖర్చు ఉంటుంది, ఆ ఖర్చు చేసేవాళ్ళే పెట్టుకోవాలి.

అడ్డరోడ్డు:
మాస్టారూ, ఖర్చు కట్టడం వేరు, ఎదుటివాడి కోపానికి ఖర్చు కట్టడం వేరు. ముసాయిదాలో "ఎదురయ్యే వ్యతిరేకత" అన్న మాట మీరు దాటేసి వెళ్ళారు.

జార్జియాలో ఫోర్సైత్ కౌంటీ అని ఉంది. 1987 జనవరిలో హోసియా విలియమ్స్ నాయకత్వంలో పౌరహక్కుల కోసం 90 మంది నడిస్తే సుమారు 400 మంది రాళ్ళూ సీసాలూ పట్టుకుని ఎదురొచ్చారు. మరుసటి వారం ఇరవై వేల మంది వచ్చారు, మూడు వేలకు పైగా పోలీసులు, నేషనల్ గార్డ్ దిగారు. ఆరు లక్షల డెబ్బై వేల డాలర్లకు పైగా ఖర్చయింది, అందులో కౌంటీ పెట్టింది చాలా తక్కువ. ఆ దెబ్బకి కౌంటీ ఒక నిబంధన తెచ్చింది: రోజుకి 1000 డాలర్ల దాకా ఫీజు, ఎంతనేది అడ్మినిస్ట్రేటర్ నిర్ణయిస్తాడు. తర్వాత దాన్ని కోర్టుకి లాగింది ఎవరో తెలుసా? పౌరహక్కుల వాళ్ళు కాదు, కింగ్ పేరిట సెలవుని వ్యతిరేకించే నేషనలిస్ట్ మూవ్‌మెంట్ అనే గుంపు. వాళ్ళకి వేసిన ఫీజు 100 డాలర్లే. అయినా 1992లో సుప్రీంకోర్టు 5-4తో ఆ నిబంధనని కొట్టేసింది. జనం ఎంత మండిపడతారో లెక్కగట్టి ఫీజు వేస్తే, ఇష్టం లేని మాట చెప్పేవాడే ఎక్కువ కట్టాల్సి వస్తుంది, అది కుదరదు అంది.

ఇప్పుడు మన సంగతికి రండి. మన పరేడ్‌ని ఎవడో ఒకడు ఆన్‌లైన్‌లో తిట్టి, ఆ రోజు మేమూ వస్తాం అన్నాడనుకోండి. ఈ ముసాయిదా ప్రకారం ఆ బెదిరింపు ఖర్చు మన బిల్లులో పడుతుంది. వాడు ఫ్రీ.

లెక్కలమాస్టారు:
ఊఁ. అది నేను ఆ కోణంలో చూడలేదు. మరి మామూలు ఓవర్‌టైమ్?

అడ్డరోడ్డు:
నడిచేవాళ్ళ సంఖ్య, రూట్ పొడవు, మూసే కూడళ్ళు, రోజు, టైమ్, వీటిని బట్టి ఒక పట్టిక పెట్టి అందరికీ ఒకే రేటు వేస్తే పెద్దగా అభ్యంతరం ఉండదు. గీత అక్కడే ఉంది. డబ్బులేని చిన్న గుంపులకి మాఫీ ఇచ్చే ఊళ్ళూ ఉన్నాయి, మీరూ అడగండి.

గట్టుమీది_గుమ్మడి:
ఇండియాలో అయితే ఇంత తతంగం లేదు బాబూ, ఏసీపీ గారికి ఒక అర్జీ పెడితే...

వెన్నెలపేట:
...ముందు రోజు రాత్రి పదకొండుకి "అనుమతి నిరాకరించడమైనది" అని వస్తుంది 😂

అడ్డరోడ్డు:
ఆ తంతు రెండు చోట్లా తెలిసిందే. పోలీస్ యాక్ట్ 1861లో సెక్షన్ 30 ఊరేగింపులకి లైసెన్స్ అడిగే అధికారం ఇస్తుంది, ఆ చట్టం వయసు చూస్తే ఎవరి కోసం పెట్టారో తెలుస్తుంది. కానీ మన సుప్రీంకోర్టు కూడా హిమ్మత్‌లాల్ షా కేసులో, అహ్మదాబాద్ పోలీస్ కమిషనర్ మీద వేసింది, 1973 రిపోర్టుల్లో ఉంటుంది, దాదాపు ఇదే మాట చెప్పింది. వీధుల్లో సభల్ని క్రమబద్ధం చేయొచ్చు, పూర్తిగా మూసేయకూడదు, ఏ కొలతా చెప్పకుండా అధికారి ఇష్టానికి వదిలిన రూల్ చెల్లదు అని. రాజ్యాంగం 19(1)(బి) ఆయుధాలు లేకుండా శాంతియుతంగా కూడే హక్కు ఇస్తోంది కదా. కోర్టు దాకా వెళ్ళే ఓపిక ఎంతమందికి ఉందనేది తర్వాతి మాట.

ఇంగ్లండ్, వేల్స్‌లలో ఇంకో దారి. 1986 పబ్లిక్ ఆర్డర్ యాక్ట్ ప్రకారం అనుమతి అడగక్కర్లేదు, ఆరు రోజుల ముందు నోటీసు ఇస్తే చాలు. ఉత్తర ఐర్లండ్‌లో మాత్రం ఊరేగింపు అంటేనే ఊళ్ళో పాత పగలు లేస్తాయి కాబట్టి 28 రోజులు, పైగా దాని మీద ప్రత్యేకంగా పరేడ్స్ కమిషనే ఉంది. నాకు ఈ నోటీసు పద్ధతే నచ్చుతుంది. అడగడం వేరు, చెప్పడం వేరు.

మోడరేటర్:
ఇండియా రాజకీయ ర్యాలీల మీద వచ్చిన ఆరు పోస్టులు తీసేశాను. దానికి వేరే దారం ఉంది, అక్కడ కొట్టుకోండి. ఇక్కడ తూర్పుగాలి గారి హియరింగ్ సంగతే.

తూర్పుగాలి:
థాంక్స్ మోడరేటర్ గారూ. అడ్డరోడ్డు గారూ, మరి 60 రోజుల సంగతి? మా కమిటీలో అందరూ దాని మీదే ఉన్నారు.

అడ్డరోడ్డు:
మీ పరేడ్‌కి 60 రోజులు నష్టమేమీ కాదు, ఎలాగూ ఆరు నెలల ముందే తేదీ అనుకుంటారు. నష్టం ఎవరికంటే, మంగళవారం ఏదో ఘోరం జరిగితే శనివారం నడవాలనుకునే వాళ్ళకి. మిషిగన్‌లోని డియర్‌బోర్న్‌లో 30 రోజుల ముందు అప్లై చేయాలన్న రూల్‌ని 2005లో ఆరో సర్క్యూట్ ఫెడరల్ అప్పీల్ కోర్టు కొట్టేసింది. ఆ తీర్పుకి కట్టుబడాల్సింది మిషిగన్, ఒహాయో, కెంటకీ, టెనెసీ మాత్రమే, మీరు వేరే రాష్ట్రమైతే మీ సిటీ అటార్నీ, అంటే ఊరి లాయరు, "మాకు వర్తించదు" అంటాడు. అయినా 30 రోజులే ఎక్కువని ఒక చోట తేలాక 60 అని రాసుకోవడం తెలివైన పని కాదని అతనికీ తెలుసు. పెద్ద ఫ్లోట్ పరేడ్‌లకి 30 ఉంచి, వార్తలకి స్పందించి నడిచే చిన్న గుంపులకి రెండు రోజులో, కుదిరినంత ముందో అని మినహాయింపు పెట్టమనండి. ఫుట్‌పాత్ మీద సిగ్నల్స్ పాటిస్తూ నడిచేవాళ్ళకి అసలు పర్మిట్టే అవసరం లేదని కూడా రాయమనండి. 26 మంది స్కూల్ పిల్లలు లైన్‌గా లైబ్రరీకి వెళ్తే కూడా ఈ ముసాయిదా ప్రకారం పరేడే!

ఇక వాళ్ళు ఎన్ని రోజుల్లో జవాబు చెప్పాలి అన్నది ఉందా? అందరూ మనం ఎప్పుడు అడగాలో చూస్తారు, వాళ్ళు ఎప్పుడు చెప్పాలో చూడరు.

తూర్పుగాలి:
ఇప్పుడే మళ్ళీ మొత్తం చదివాను. లేదు! కాదంటే కారణం రాసివ్వాలని కూడా లేదు.

అడ్డరోడ్డు:
చూశారా. షికాగో పార్క్ డిస్ట్రిక్ట్ నిబంధన మీద 2002లో కేసు వచ్చింది, గంజాయిని చట్టబద్ధం చేయాలనే వాళ్ళ సభల గురించి. సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా పార్క్ డిస్ట్రిక్ట్‌నే గెలిపించింది. అది ఎందుకు గెలిచిందో చూడండి: కాదనడానికి కారణాలు ముందే లెక్కపెట్టి రాసి ఉన్నాయి, 28 రోజుల్లోపు నిర్ణయం చెప్పాలి, కాదంటే ఎందుకో స్పష్టంగా చెప్పాలి, పైన అప్పీల్, ఆ తర్వాత కోర్టు. మీ ఊరికి కోర్టు గొడవ తప్పాలంటే దాన్ని చూసి రాసుకోమనండి. ఇలా అంటే కౌన్సిల్‌కి మీరు శత్రువుల్లా కనిపించరు, వాళ్ళ మేలు కోరినట్టే ఉంటుంది.

మూడుచక్రాలు:
ఇన్సూరెన్స్ గురించి ఒక్క మాట చెప్పి వెళ్తా. 10 లక్షల డాలర్ల పాలసీ అంటే భయపడకండి, ఈవెంట్ పాలసీల్లో అది మామూలు మొత్తమే. ఊరి పేరు "అదనపు బీమాదారు"గా చేర్చిన సర్టిఫికెట్ ఇవ్వాలి, ఏజెంట్‌కి చెప్తే వేస్తాడు. చూడాల్సింది ఏంటంటే ఫ్లోట్ లాగే ట్రక్కు ఆ ఈవెంట్ పాలసీలోకి చాలాసార్లు రాదు, బండి ఓనర్ ఆటో పాలసీ వేరుగా ఉండాలి, అది కూడా ట్రైలర్ మీద మనుషులుంటే ఒప్పుకుంటుందో లేదో రాతపూర్వకంగా అడగండి. చాలామంది అక్కడే దొరికిపోతారు.

మెయిన్ స్ట్రీట్ మీద రాష్ట్ర రహదారి నెంబర్ బోర్డు ఉందేమో కూడా చూడండి. ఉంటే ఊరి పర్మిట్ ఒక్కటే చాలదు, రాష్ట్ర రవాణా శాఖ దగ్గర కూడా తీసుకోవాలి, దాని గడువు దానిదే.

పిల్లకాలువ:
ఆ ఇన్సూరెన్స్ మొత్తం పెంచేసి ఆపేయొచ్చు కదా, అలా చేసిన ఊళ్ళు లేవా?

అడ్డరోడ్డు:
ఉన్నాయి. 1977లో ఇల్లినాయ్‌లోని స్కోకీలో నాజీ గుంపు ఒకటి ఊరేగుతామంటే ఊరివాళ్ళు మూడున్నర లక్షల డాలర్ల ఇన్సూరెన్స్ పెట్టారు. ఆ గుంపుకి అంత పాలసీ ఎక్కడా దొరకదని తెలిసే పెట్టారు. నాజీ క్యాంపుల్లోంచి బతికి వచ్చినవాళ్ళు వేల మంది ఉన్న ఊరు అది, వాళ్ళ బాధ ఎవరికైనా అర్థమవుతుంది. అయినా 1978లో ఫెడరల్ అప్పీల్ కోర్టు ఆ షరతు చెల్లదంది. చివరికి వాళ్ళు స్కోకీలో నడవనే లేదు, షికాగోలో సభ పెట్టుకుని పోయారు. నాకు ఆ తీర్పు చదివినప్పుడల్లా గొంతులో ముద్ద దిగదు, కానీ ఆ రోజు అడ్డుపడిన గోడే రేపు మనకీ అడ్డుపడుతుంది.

కొత్తచిగురు:
కొత్త సభ్యురాలిని. మా పరేడ్‌లో మాకు నచ్చని ఒక గ్రూప్ బ్యానర్ పట్టుకుని వస్తామంటోంది. పర్మిట్ మాదే, రావద్దనొచ్చా? పబ్లిక్ రోడ్డు కదా అని వాళ్ళు వాదిస్తున్నారు.

అడ్డరోడ్డు:
అనొచ్చు. 1995లో బోస్టన్ సెయింట్ పాట్రిక్స్ డే పరేడ్ కేసు, హర్లీ కేసు అంటారు. పరేడ్ నిర్వాహకులు ప్రైవేటు వాళ్ళైతే ఎవరు నడవాలో నిర్ణయించేది వాళ్ళే, ఎందుకంటే పరేడే వాళ్ళ మాట. ఫుట్‌పాత్ మీద నిలబడి ఆ బ్యానర్ పట్టుకోవడాన్ని మాత్రం మీరు ఆపలేరు. ఊరే డబ్బు పెట్టి, ఊరే నడిపే పరేడ్ అయితే కథ మారుతుంది.

గట్టుమీది_గుమ్మడి:
ఒక సందేహం. ఊరు వేరే రోడ్డు చూపించి అక్కడ చేసుకోండి అంటే? మా దగ్గర అదే అన్నారు, మెయిన్ స్ట్రీట్ బదులు వెనకాల ఆఫీసుల వీధి.

అడ్డరోడ్డు:
కారణం ట్రాఫిక్ అయి, అందరికీ ఒకటే రూల్ అయి, ఇచ్చిన రోడ్డులో మీ మాట జనానికి చేరితే అనొచ్చు. న్యూయార్క్ 2001లో ఫిఫ్త్ అవెన్యూలో కొత్త పరేడ్‌లు వద్దని రూల్ పెట్టింది, ఎప్పటి నుంచో జరిగేవి మాత్రం ఉంచింది. 2009లో అప్పీల్ కోర్టు సరేనంది. మన ఇండియా డే పరేడ్ 1981 నుంచీ జరుగుతోంది, మాడిసన్ అవెన్యూలో నడుస్తుంది, జనం తక్కువేం రారు కదా. ఆదివారం ఖాళీగా ఉండే ఆఫీసుల వీధి మాత్రం వేరు, వినేవాడే లేని చోటికి పంపడం పర్మిట్ ఇచ్చినట్టు కాదని గట్టిగా అడగండి.

మూడుచక్రాలు:
రూట్ అంటే గుర్తొచ్చింది. 2021 నవంబర్‌లో విస్కాన్సిన్‌లోని వాకెషాలో క్రిస్మస్ పరేడ్‌లోకి ఒకడు ఎస్‌యూవీ తోలాడు, ఆరుగురు పోయారు, అరవై మందికి పైగా దెబ్బలు. ఇలాంటివి చూశాక చాలా ఊళ్ళలో ప్లాస్టిక్ బారికేడ్లు చాలవని ఇసుక నింపిన డంప్ ట్రక్కులు కూడళ్ళలో అడ్డం పెడుతున్నారు. వాటి ఖర్చు మన మీద వేస్తారా, ఊరు పెట్టుకుంటుందా అనేది మీ ముసాయిదాలో తప్పకుండా అడగండి. ఊరి పబ్లిక్ వర్క్స్ వాళ్ళ దగ్గర ట్రక్కులు ఎలాగూ ఉంటాయి, శనివారం డ్రైవర్ జీతమే అసలు ఖర్చు. ఎవడో పిచ్చివాడు చేసే నేరం నుంచి కాపాడటం పోలీసు పనే కదా అని నా ఉద్దేశం, మాస్టారు ఒప్పుకోకపోవచ్చు.

లెక్కలమాస్టారు:
సగం సగం 🙂

తూర్పుగాలి:
సరే, అందరి మాటలూ విని మూడు నిమిషాలకి ఇలా రాసుకున్నాను, చూడండి: "మేము పర్మిట్ వద్దనడం లేదు. పరేడ్ రూట్, టైమ్, రోడ్డు భద్రత చూసే రూల్స్ మాకూ కావాలి. చీఫ్ గారికి ఇచ్చిన సంక్షేమం, మర్యాద, సౌకర్యం అన్న వాక్యం తీసేసి, కాదనడానికి కారణాలు లెక్కపెట్టి రాయండి. ఇలాంటి వాక్యాన్నే 1969లో సుప్రీంకోర్టు కొట్టేసింది. ఫీజులోంచి ఎదురయ్యే వ్యతిరేకత తీసేయండి, అది 1992లో తేలిపోయింది. మేము అప్లై చేశాక మీరు ఎన్ని రోజుల్లో చెప్తారో రాయండి, కాదంటే ఎందుకో కాగితం మీద ఇవ్వండి. రూట్ మీద ఉన్న ఇళ్ళకి కూడా నోటీసు పెట్టండి, ఆ కాగితాలు పంచే పని మేము చేస్తాం." అంతే. 60 రోజుల మాట ఇంకొకరు మాట్లాడతారు.

పిల్లకాలువ:
చివరి మాటకి నా నమస్కారం. ఆ కాగితంలో ఒక ఫోన్ నెంబర్ కూడా వేయండి, ఎత్తేవాళ్ళది.

అడ్డరోడ్డు:
బాగుంది. కేసుల పేర్లు చదవకండి, సంవత్సరాలు చాలు. అదే విషయం ముందు రోజే క్లర్క్‌కి ఈమెయిల్ చేసి రికార్డులో చేర్చమనండి, మాట గాలికి పోతుంది, కాగితం ఫైల్లో ఉంటుంది. ముఖ్యంగా సిటీ అటార్నీకి ఒక కాపీ.

తూర్పుగాలి:
అప్‌డేట్. నిన్న హియరింగ్ అయింది. మాతో పాటు రోటరీ వాళ్ళు, ఒక చర్చి వాళ్ళు, హైస్కూల్ బ్యాండ్ తల్లిదండ్రులు కూడా వచ్చారు, మేము ఎవరితోనూ అనుకోలేదు, వాళ్ళకీ ఇదే తలనొప్పి. చీఫ్ గారే లేచి ఆ మర్యాద వాక్యం నాకు అక్కర్లేదు, పాత ఊరి కోడ్‌లోంచి ఎవరో ఎత్తి పెట్టారు అన్నారు! సిటీ అటార్నీ "వ్యతిరేకత" మాట తీసేస్తామన్నాడు. 60 రోజులు 30 అయ్యాయి, చిన్న గుంపులకి 48 గంటలు. నిర్ణయానికి 10 పని దినాలు, కారణం రాతలో. ఇళ్ళకి నోటీసు కూడా చేర్చారు. ఇన్సూరెన్స్ అలాగే ఉంది. పోలీసు ఖర్చు పట్టిక మాత్రం ఇంకా రాయలేదు, రెండో రీడింగ్‌కి తెస్తామన్నారు.

లెక్కలమాస్టారు:
పట్టిక వచ్చాక ఇక్కడ పెట్టండి, గంటకి ఎంత, కనీసం ఎన్ని గంటలు అనేది నేను చూస్తాను. నాలుగు గంటల కనీసం అని వేస్తారు, రెండు గంటల పరేడ్‌కి డబుల్ కట్టాల్సి వస్తుంది.

మూడుచక్రాలు:
మన ఆగస్టు పరేడ్‌కి పాత రూల్ వర్తిస్తుందా, కొత్తదా? రెండో రీడింగ్ అయ్యాక ఎప్పటి నుంచి అమల్లోకి వస్తుందో చూసుకుని, ఈలోపే పాత ఫారం మీద అప్లై చేసేయండి. క్లర్క్ చేత తేదీ ముద్ర వేయించుకుని ఒక కాపీ మీ దగ్గర ఉంచుకోండి. రైల్వే వాళ్ళకి ఉత్తరం రాశారా లేదా?

తూర్పుగాలి:
సోమవారం పొద్దున్నే క్లర్క్ ఆఫీసుకి వెళ్తున్నానండీ. పట్టాలు మా రూట్‌లో లేవు, కానీ మెయిన్ స్ట్రీట్ మీద రాష్ట్ర రహదారి బోర్డు ఉంది! రవాణా శాఖ ఫారం ఇప్పుడే డౌన్‌లోడ్ చేశా, ఇది ఇరవై రెండు పేజీలు.